మా ఇంటి నియర్ మిస్ డబ్బా

మే నెలలో మా ఆడపడుచు ఫ్యాన్ వేసుకోవడం మానేసింది.

మా ఊళ్ళో మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఈ ఒక్క ముక్క చాలు. కద్మా పేటలో మా కంపెనీ క్వార్టర్‌కి పడమటి ఎండ నేరుగా కొడుతుంది. మధ్యాహ్నం గోడకి ఆనుకుంటే వీపు చుర్రుమంటుంది. అలాంటి గదిలో ఆ పిల్ల తలుపు దగ్గరగా వేసుకుని, ఫ్యాన్ కట్టేసుకుని, చున్నీతో చెమట తుడుచుకుంటూ కూర్చునేది. ఇరవై ఏళ్ళది, బీకాం రెండో ఏడు. నెలన్నరగా కాలేజీకి కూడా సరిగ్గా వెళ్ళడం లేదు. అడిగితే తలనొప్పి అనేది.

మా ఇంట్లో దీనికి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. మామగారు మురిసిపోయారు. "సూసినారా! కరెంటు పొదుపంటే అలగుండాల. నా కూతుర్ని సూసి నేర్సుకోండి," అన్నారు. అత్తగారు ఆ ఘనత తన ఖాతాలో వేసుకున్నారు. "నాను సబ్జా నీళ్ళు ఇత్తన్నాను కదేటి, ఒంటికి సలవ సేసినాది." మా ఆయనది షిఫ్టు డ్యూటీ. ఏ షిఫ్టయినా సరే, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రే. ఆయన "ఊఁ" అని అటు తిరిగి పడుకున్నారు.

నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. అప్పటికి మూడు నెలలుగా నేను చేస్తున్న ఉద్యోగం అలాంటిది మరి.

నాది సిక్కోలు వైపు. పెళ్ళయి, హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊరొచ్చి పదకొండేళ్ళు. పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండేదాన్ని. ఒక ఆస్పత్రిలో మనసు జబ్బుల డాక్టరమ్మ ఏదో పరిశోధన చేస్తున్నారనీ, తెలుగిళ్ళలో తెలుగులో ప్రశ్నలడిగే మనిషి కావాలనీ తెలిసి వెళ్ళాను. ఆవిడకి తెలుగు రాదు. నాకు హిందీ వచ్చు, నోరుంది, చెప్పులున్నాయి. ఉద్యోగం ఇచ్చేశారు.

ఆవిడ మొదటిరోజే విడమరిచి చెప్పారు. సైకోసిస్ అనే జబ్బు ఉంది. లేనివి వినిపిస్తాయి, లేనివి నిజమనిపిస్తాయి. అది చాలామందిలో ఒక్కరోజులో ఊడిపడదు. ముందు చిన్న చిన్న గుర్తులుంటాయి. ఆ గుర్తులున్న వాళ్ళలో ఎంతోమందికి ఏ జబ్బూ రాదు, వాళ్ళ స్వభావమే అంత. వచ్చేవాళ్ళని మాత్రం మొదట్లోనే పట్టుకుంటే ఎంతో మేలు. అందుకని ఒక ప్రశ్నల కాగితం. మీరు నలుగురిలో కలుస్తారా, ఒంటరిగా ఉండడం ఇష్టమా, టీవీలో వాళ్ళు ప్రత్యేకంగా మీతోనే మాట్లాడుతున్నట్టు అనిపించిందా, ఎవరూ లేనప్పుడు పేరు పెట్టి పిలిచినట్టు వినిపించిందా, ఇలాంటివన్నీ. ఈ ప్రశ్నలు మన తెలుగువాళ్ళ దగ్గర పనిచేస్తాయో లేదో చూడాలి. అదీ పని.

నా తెలుగు అందరికీ అర్థమవుతుందో లేదోనని ఆ ప్రశ్నలు మొదట మా ఇంట్లోనే పైకి చదివాను. పేరు పెట్టి పిలిచే ప్రశ్న దగ్గర అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నవారల్లా ఆగారు.

"అలగ పిలిత్తే పలక్కూడదమ్మా. మూడోసారి దాకా ఆగాల."

"మూడోసారి పిలిస్తే?" అంది మా ఆడపడుచు. ఆ రోజుల్లో ఆ పిల్ల తల్లిదండ్రులతో కూడా హిందీలోనే మాట్లాడేది. ఆ ఒక్క మాట తెలుగులో ఎందుకడిగిందో నాకు తర్వాత గాని తెలియలేదు.

"మూడోసారి పిలిత్తే అది మనిసేనే. మూడుసార్లు పిలిసే ఓపిక మనుసులకే ఉంటాది. దెయ్యాలకి తొందరెక్కువ," అన్నారు అత్తగారు. అందరం నవ్వాం. నేను ఆ మాట నోట్‌బుక్‌లో కూడా రాసుకున్నాను, డాక్టరమ్మకి సరదాగా చెప్పొచ్చని.

ఫ్యాన్ సంగతి మొదలైంది ఆ తర్వాతే. డాక్టరమ్మతో చెప్పాను. ఆవిడ "ఫ్యాన్ కట్టేసుకోవడం జబ్బు కాదు. కానీ ఎవరో ఒకరు ఆ అమ్మాయితో మాట్లాడాలి. మీ ఇంటివాళ్ళకి మీరు ప్రశ్నల కాగితం పెట్టకూడదు, అది నియమం. బలవంతంగా లాక్కురావద్దు కూడా. తనంతట తాను నోరు విప్పితే వెంటనే తీసుకురండి, ఆలస్యం చెయ్యొద్దు," అన్నారు.

సరేనని ఆ సాయంత్రం మజ్జిగ గ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్ళాను.

"ఫ్యాన్ వేసుకోవెందుకే?"

"గర్మీ నహీ లగ్తీ, వదినా." వేడిగా లేదట. ఆ మాట అంటూండగానే ముక్కు చివరి నుంచి చెమటచుక్క పుస్తకం మీద టప్పున పడింది.

"ఏమైనా ఇబ్బందిగా ఉందా?"

"కుఛ్ నహీ. సబ్ ఠీక్." ఏమీ లేదట, అంతా బాగానే ఉందట.

ఊళ్ళో అందరినీ ప్రశ్నలడిగి జీతం పుచ్చుకునేదాన్ని, ఇంట్లో పిల్ల చేత ఒక్క జవాబు చెప్పించలేకపోయాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందంటే ఏమో అనుకున్నాను. నేనే ఆ బల్లిని.

అసలు మా ఇంట్లో 'అంతా బాగానే ఉంది' తప్ప వేరే జవాబు ఎవరికీ అలవాటు లేదు. దానికి కారణం మామగారు.

ఆయన ముప్పై నాలుగేళ్ళు కంపెనీ మిల్లులో క్రేన్ నడిపారు. చివరి పదేళ్ళూ డిపార్ట్‌మెంట్ సేఫ్టీ కమిటీలో ఉన్నారు. రిటైరైన రోజున దండ వేసి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపించారు. సేఫ్టీని మాత్రం అక్కడే వదిలి రమ్మని ఎవరూ చెప్పలేదు కాబోలు, ఆయన దాన్ని కూడా ఇంటికి తెచ్చేసుకున్నారు. వంటింటి గుమ్మం పక్కన ఒక పలక తగిలించారు. దాని మీద 'ప్రమాదం లేని రోజులు' అని రంగుతో రాసి ఉంటుంది. కింద సుద్దముక్కతో అంకె. రోజూ పొద్దున్న టీ తాగే ముందు పాత అంకె చెరిపి కొత్తది వేస్తారు. ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే మళ్ళీ సున్నా నుంచి మొదలు.

మా ఆయన బాత్రూంలో జారిపడ్డ రోజున ఆయన మోకాలికంటే ఆ పలకకే ఎక్కువ దెబ్బ తగిలింది. మామగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇంకోసారి నేను కత్తిపీట మీద వేలు కోసుకుంటే కుర్చీ వేసుకుని విచారణ జరిపారు.

"వంట సెయ్యగలవా అమ్మా?"

"చెయ్యగలను మావయ్యా."

"అయితే ఫస్ట్ ఎయిడ్ కేసే. పెమాదం కింద రాదు."

గుడ్డ చుట్టుకున్న వేలితోనే వంకాయలు తరిగాను. కూర సంగతి ఎలా ఉన్నా పలక మీద అంకె క్షేమంగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది గాని, ఏమంటాం?

పలకతో పాటు ఇంకొకటి కూడా ఉంది. ఫ్రిజ్ మీద ఒక పెద్ద బిస్కెట్ డబ్బా. జుగ్సలాయి బజారుకి తీసుకెళ్ళి దాని మూతకి చీలిక కోయించుకొచ్చారు. దాని పేరు నియర్ మిస్ డబ్బా. నియర్ మిస్ అంటే తృటిలో తప్పిపోయిన ప్రమాదం. పైనుంచి నట్టు పడింది, మనిషి తలకి జానెడు పక్కన పడింది, ఎవరికీ ఏమీ కాలేదు. అది ప్రమాదం కాదు. కానీ వెంటనే చెప్పాలి. చెప్పినవాడిని తిట్టకూడదు, బహుమతివ్వాలి. ఇంట్లో అలాంటిది ఏం జరిగినా చీటీ మీద మూడు వరుసలు రాసి డబ్బాలో వెయ్యాలి. ఏం జరగబోయింది, ఎక్కడ, ఇంకోసారి జరగకుండా ఏం చెయ్యాలి. నెలకోసారి మంచి చీటీకి సాక్చి బజారు నుంచి వేడి జిలేబీ.

అత్తగారు నాచేత రాయించిన చీటీలన్నీ ఒక్కటే. ఏం జరగబోయింది: తగువు. ఎక్కడ: వరండాలో. ఇంకోసారి జరగకుండా ఏం చెయ్యాలి: ఆయన నోరు మూసుకోవాలి. ఆవిడకి ఒక్కసారి కూడా జిలేబీ రాలేదు.

ఇంతలో నా సర్వే మా క్వార్టర్ల లైనుకే వచ్చింది. మా ఇల్లు వదిలేసి మిగతా తెలుగిళ్ళన్నీ నా వంతు. మొదటిరోజు పొద్దున్నే బయల్దేరి వీధిలోకి అడుగు పెట్టేసరికి ఏదో పండగేమోనని అనుమానం వచ్చింది. గుమ్మాలు కడిగి ఉన్నాయి. చెప్పులు వరసలో ఉన్నాయి. ఒకరింట్లో గ్యాస్ సిలిండరు తళతళా మెరుస్తోంది. ఇంకొకరి మెట్ల అంచులకి పచ్చరంగు గీత, ఇంకా తడి ఆరలేదు. నా చీరకి అంటుకుంది. నాలుగో ఇంట్లో పెద్దాయన లుంగీ మీద, కాళ్ళకి సేఫ్టీ బూట్లు, తలకి హెల్మెట్ పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్, ఎక్కడికైనా వెళ్తున్నారా?"

"నేదమ్మా. నీకోసమే."

ప్రశ్నలు మొదలుపెట్టాను. "కొత్తవాళ్ళతో మాట్లాడ్డం మీకు ఇష్టమేనా?"

"నిల్."

"పోనీ, ఒంటరిగా ఉండడం ఇష్టమా?"

"నిల్."

"ఎప్పుడైనా దిగులుగా అనిపిస్తుందా?"

"నిల్. రిటైరైన కాన్నుంచీ నిల్లే."

అన్ని ఇళ్ళలోనూ ఇదే వరస. సంతోషం నిల్, కోపం నిల్, కలలు నిల్. పక్క క్వార్టర్‌లో ఉండే పిన్నికి మంగళవారం మంగళవారం అమ్మోరు పూనుతుంది. లైనంతా వెళ్ళి కాళ్ళకి మొక్కి, ఉద్యోగాలూ పెళ్ళిళ్ళూ అడిగొస్తారు. ఆవిడైనా ఒక ప్రశ్నకి అవునంటుందని ఆశపడ్డాను.

"పిన్నీ, వేరేవాళ్ళకి వినపడని మాటలు మీకు ఎప్పుడైనా వినపడ్డాయా?"

"సీ, అలాంటివేటీ నేవు."

"మరి మంగళవారం?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "అది అమ్మోరు కదేటే. నా నోటితోటే సెప్తాది కదా, లైనందరికీ ఇనపడతాది. నీకూ ఇనపడినాది కదా మొన్న."

నిజమే. నాకూ వినపడింది. ఆ ప్రశ్నకి కూడా నిల్ అనే రాసుకున్నాను.

కాగితాలన్నీ తీసుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆవిడ ఒకటి తిరగేశారు, రెండోది తిరగేశారు, పదో కాగితం దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఈ లెక్కన మీ వీధిలో ఎవరికీ జబ్బు లేదు. బాగుంది. స్వభావం కూడా లేదు. మీరు అడిగింది మనుషుల్నేనా?" అన్నారు. నాకు సిగ్గేసింది. తర్వాత ఆవిడే మెత్తబడి, "అందరూ అన్నిటికీ ఏమీ లేదు అంటే ఏమీ లేదని కాదు. చెప్పడానికి భయపడుతున్నారని," అన్నారు.

ఇంటికొచ్చి చెప్పుల్లోంచి కాళ్ళు తియ్యకుండానే అడిగాను. "మావయ్యా, నా కాగితాల గురించి లైన్లో ఎవరితోనైనా మాట్లాడారా?"

ఆయన ఏ తప్పూ చెయ్యని మనిషి మొహంతో, "మాటాడకపోతే ఎలగమ్మా? మా కోడలు ఆడిట్‌కి వత్తాది, మన లైను పరువు తియ్యకండి అని ఇంటింటికీ ఎల్లి సెప్పినాను. ఏటడిగినా నిల్ అనండి అన్నాను. ఆడిట్‌లో నిల్ అన్నోడికి ఎప్పుడూ సిక్కు రాదు," అన్నారు. పైగా కాస్త మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తున్నట్టు నిలబడ్డారు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపంలో నోటికొచ్చింది అనేశాను. "మావయ్యా, మీ మిల్లులో ఒక డిపార్ట్‌మెంట్ నెల తర్వాత నెల నియర్ మిస్ నిల్, నిల్ అని పంపిస్తే మీరు సంతోషించేవారా?"

ఆయన మొహం మారిపోయింది. మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

"సంతోసం ఏటి. అదే అన్నిటికన్నా డేంజర్ డిపార్ట్‌మెంట్," అన్నారు.

"డాక్టరమ్మ కాగితం ఆడిట్ కాదు మావయ్యా. అది నియర్ మిస్ చీటీ. తలకి జానెడు పక్కన పడ్డ నట్టు గురించి అడుగుతోంది ఆవిడ."

ఆయన లేచి ఫ్రిజ్ మీది డబ్బా దించారు. దుమ్ము తుడిచి, చంకలో పెట్టుకుని, చొక్కా అయినా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయారు. తన తప్పు ఒప్పుకోవడానికి కూడా మనిషి అంత హడావుడి పడగలడని నాకు ఆ రోజే తెలిసింది.

డబ్బా మా గేటుకి తగిలించారు. మనసులో ఏం జరగబోయినా రాసి వెయ్యండి, పేరక్కర్లేదు, ఆదివారం సాయంత్రం మా వరండాలో చదువుతాం, నెలకో మంచి చీటీకి కిలో జిలేబీ. ఇదీ ప్రకటన. ఆ మాట విని డాక్టరమ్మ నుదురు కొట్టుకున్నారు. ఇది పరిశోధన కాదు, ఆ చీటీలు నాకు చూపించొద్దు, నేను వాటిని లెక్కలోకి తీసుకోను, అని గట్టిగా చెప్పారు. వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచి, "జనం మాట్లాడితే మాత్రం ఆపకండి," అన్నారు.

మొదటి ఆదివారానికి డబ్బా మూత పడలేదు. జిలేబీకి మా లైన్లో అంత పవరుంది. మామగారు కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క చీటీ విప్పి, మిల్లులో రిపోర్టు చదివినట్టు చదివారు.

"ఏం జరగబోయింది: నా ఫోను నా మనసులో మాట వింటోంది. కుక్కర్ కొనాలని మనసులోనే అనుకున్నాను, వెంటనే ఫోనులో కుక్కర్ బొమ్మ వచ్చింది. ఎక్కడ: మంచం మీద. ఏం చెయ్యాలి: ఫోను ఎదురుగా అనుకోకూడదు."

"నాక్కూడా! నాక్కూడా!" అని నలుగురు చేతులెత్తారు.

"ఏం జరగబోయింది: వీధిలో అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. ఎక్కడ: సాక్చి బజారులో. ఏం చెయ్యాలి: చీర తిరగేసి కట్టుకున్నానని ఇంటికొచ్చాక తెలిసింది."

"ఏం జరగబోయింది: సీరియల్‌లో అత్త తిట్టే తిట్లన్నీ నాకే తగులుతున్నట్టుంది. ఎక్కడ: టీవీ ముందు. ఏం చెయ్యాలి: మా అత్త పక్కన కూర్చుని చూడకూడదు."

చీటీ మీద పేరు లేదు గాని, ఒక అత్తా ఒక కోడలూ అప్పటికే ఒకరినొకరు చూసుకుంటున్నారు. హెల్మెట్ బాబాయ్ చీటీ మాత్రం నాకు గుర్తుండిపోయింది. రిటైరై ఆరేళ్ళయినా రోజూ కంపెనీ సైరన్ తననే రమ్మంటున్నట్టు ఉంటుందనీ, రెండుసార్లు క్యారేజీ పట్టుకుని గేటు దాకా వెళ్ళి వచ్చాననీ రాశాడు. ఇంకోసారి జరగకుండా ఏం చెయ్యాలి అన్న చోట, 'జరగనివ్వండి, బావుంటాది' అని ఉంది. తర్వాతి చీటీకి మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వుల మధ్య వెనక్కి తిరిగి చూస్తే గది తలుపు తెరిచి ఉంది. మా ఆడపడుచు గడపలో నిలబడి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఎవరైనా చూస్తారని ఉల్లిపాయలు తరిగే వంకతో వంటింట్లోకి పోయాను. ఆ రోజు కూరకి ఉల్లిపాయలు అక్కర్లేదు కూడా.

రెండో ఆదివారం జనం ఇంకా పెరిగారు. మామగారికి కూడా నాటకం ఎక్కువైంది, చీటీ విప్పి ఒకసారి అందర్నీ చూసి గాని చదవడం లేదు. ఏడో ఎనిమిదో చీటీ విప్పారు. చదవడం మొదలుపెట్టబోయి ఆగిపోయారు. చీటీని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు.

"సదవండి మావా, ఏటి రాసినారు?" అని ఎవరో అరిచారు.

మామగారు చీటీ మళ్ళీ ఎత్తి పట్టుకున్నారు. "ఏం జరగబోయింది: పిల్లి పాలు తాగబోయింది. ఎక్కడ: వంటింట్లో. ఏం చెయ్యాలి..." అని ఒక్క క్షణం ఆగి, "గిన్నె మీద మూత పెట్టాల," అన్నారు.

"ఇదేటి మనసులో సంగతి, ఇది పిల్లి సంగతి!" అని అందరూ విరగబడి నవ్వారు. ఆయన ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని తర్వాతది తీశారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. మా ఇంట్లో పిల్లి లేదు, మా లైన్లోనూ లేదు. పైగా ముప్పై నాలుగేళ్ళలో ఒక్క రిపోర్టు కూడా తప్పు రాయలేదని చెప్పుకునే మనిషి, నాలుగు పదుల మంది ఎదుట తప్పు రిపోర్టు చదివారు.

అందరూ వెళ్ళాక వంటింట్లోకి వచ్చి చీటీ నా చేతిలో పెట్టారు. గుండ్రటి అక్షరాలు. హిందీ చదువు చదివిన పిల్ల. నేనే పలక మీద అఆలు దిద్దించాను. ఆ రాత నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఏం జరగబోయింది: ఫ్యాన్ తిరిగితే అందులోంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తారు. ఎప్పుడూ రెండుసార్లే. నిన్న మూడోసారి కూడా పిలిచారు. పలకబోయాను.

ఎక్కడ: నా గదిలో.

ఇంకోసారి జరగకుండా ఏం చెయ్యాలి: వదినకి తెలుసేమో.

ఆ చివరి వరస దగ్గర నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ రోజు మూడోసారి మాట విని నవ్వి నోట్‌బుక్‌లో రాసుకున్నది నేనే. ఆ పిల్ల అప్పుడే అడిగింది. మూడోసారి పిలిస్తే అని తెలుగులో స్పష్టంగా అడిగింది. నాకు వినపడలేదు.

మామగారు నన్నే చూస్తున్నారు. "దీనికి ఏటి సెయ్యాలో నీకు తెలుసు కదమ్మా?" అన్నారు. అంత మెల్లగా మాట్లాడగలరని నాకు తెలియదు.

"తెలుసు మావయ్యా. రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. భయపడకండి. మొదట్లోనే చెప్పింది."

గది తలుపు మళ్ళీ దగ్గరగా వేసి ఉంది. బయట నిలబడి పేరు పెట్టి పిలిచాను. జవాబు లేదు. రెండోసారి పిలిచాను. లోపల మంచం కిర్రుమంది, జవాబు లేదు. మూడోసారి పిలిచాను.

"వత్తన్నా, వదినా," అంది. తెలుగులోనే అంది.

ఆ రాత్రి చాలాసేపు ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. వినపడే గొంతు ఎలా ఉంటుందంటే, మన కిరాణా కొట్టువాడిలా ముక్కుతో ఉంటుందంది. భయంలో ఉన్నదాన్ని కూడా ఆ మాటకి ఫక్కున నవ్వాను. ఆ పిల్ల కూడా నవ్వింది. పిచ్చిదాన్నవుతున్నానా అని అడిగింది. తెలియదన్నాను, తెలిసినావిడ దగ్గరికి రేపు వెళ్దామన్నాను. సరేనంది. లాక్కెళ్ళాల్సిన పని లేకపోయింది.

మర్నాడు పొద్దున్న మేం చెప్పులేసుకుంటుంటే మామగారు సాక్చి నుంచి వచ్చారు. స్కూటర్ హ్యాండిల్‌కి జిలేబీ పొట్లం, అడుగంతా పాకం కారి ఉంది. అంత పొద్దున్నే కొట్టు తెరిపించి, మొదటి వాయి చేయించి తెచ్చారట. పొట్లం కూతురి చేతిలో పెట్టారు. ఆ నెల బహుమతి. ఎవరికిచ్చారో లైన్లో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, పిల్లి చీటీకి ఇచ్చుంటారని అందరూ ఇప్పటికీ ఆయన్ని ఎగతాళి చేస్తారు.

తర్వాత ఆయన సుద్దముక్క తీసుకుని పలక దగ్గరికి వెళ్ళారు. తడిగుడ్డతో ఆరు వందల పన్నెండు చెరిపేశారు. ఖాళీ పలక ముందు అలాగే నిలబడిపోయారు.

మా ఆడపడుచు జిలేబీ ముక్క చేత్తో పట్టుకునే ఉంది. నోట్లో పెట్టుకోలేదు.

"జీరో కర్ దోగే, నాన్నా?" అంది. నా వల్ల సున్నా చేసేస్తావా అని.

ఆయన వెనక్కి తిరగలేదు. "జీరో ఏటే? నీకు రూలు తెల్దా? నియర్ మిస్ సెప్పినోళ్ళకి బగుమానం ఇత్తారు గాని సున్నా కొట్టరు. దెబ్బ తగలకముందే సెప్పినావు కదా," అన్నారు.

అని ఆరు వందల పదమూడు వేశారు. చివరి మూడు ఎనిమిదిలా వచ్చింది. ఎవరమూ దాన్ని దిద్దలేదు.